మీ జాబితాలో పంతొమ్మిదో నంబరు

ప్రశ్న: మాది రాజమండ్రి. వచ్చే జూన్‌లో బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాను. క్యాంపర్ వ్యాన్‌గా మార్పిద్దామని సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్స్ ట్రావెలర్ తీసుకున్నాను. మార్పులకు ఆరు లక్షలు పక్కన పెట్టాను. కచ్, లడఖ్, ఈశాన్య రాష్ట్రాలు తిరగాలని కోరిక. వీడియోలు చూసి ఈ జాబితా రాసుకున్నాను: 1. ఏసీ 2. సోలార్ 3. పెద్ద ఇన్వర్టర్ 4. ఫ్రిజ్ 5. ఇండక్షన్ స్టవ్ 6. మైక్రోవేవ్ 7. టీవీ 8. గీజరు 9. 200 లీటర్ల నీళ్ల ట్యాంకు 10. సోఫా కమ్ బెడ్ 11. పైకప్పు మీద టెంటు 12. పక్కకు తెరుచుకునే పందిరి 13. చిన్న వాషింగ్ మెషీన్ 14. వెనక కెమెరా 15. రూఫ్ ఫ్యాను 16. పుస్తకాల అర 17. మనవలకు రెండు బెర్తులు 18. దేవుడి అర 19. బాత్రూమ్ (మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అది లేకపోతే రానంటోంది). ఇవన్నీ పట్టవని ఫ్యాబ్రికేటర్ అంటున్నాడు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

జవాబు: అన్నయ్యగారూ, మీ ఉత్తరం మావారికి కూడా చదివి వినిపించాను. "ఆరేళ్ల కింద మనం రాసుకున్న జాబితాలాగే ఉందే" అని నవ్వారు. మాది కూడా ట్రావెలరే. అందుకే మాకు తగిలిన దెబ్బలు మీకు తగలకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా మీ ప్రశ్ననే కాస్త మారుస్తాను. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని కాకుండా, ఏవి ఇప్పుడే చేయించకపోతే తర్వాత కుదరదు, ఏవి ఆర్నెల్లు తిరిగొచ్చాక కూడా పెట్టించుకోవచ్చు అని చూడండి. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పోయకముందే కరెంటు పైపులు వేయిస్తాం కదా. ఫ్యాను ఏ కంపెనీదో తర్వాతైనా తేల్చుకోవచ్చు, పైపు వేయకపోతే మాత్రం గోడ పగలగొట్టాల్సిందే. వ్యాను కూడా అంతే. రేకు లోపలివైపు వేడి ఆపే ఫోమ్, నేల, కిటికీలు, పైకప్పులో ఫ్యాను కోసం కోసే రంధ్రం, టాయిలెట్ వచ్చే చోటు, మంచం ఎత్తు, వైర్ల దారి, బెల్టులున్న సీట్లు. ఇవీ స్లాబు కింద పోయేవి. మీ జాబితాలో వీటిలో సగం లేనే లేవు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం షాపుకెళ్లి ఏ రోజైనా కొనుక్కొచ్చేవి.

వీటన్నిటికంటే ముందు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. మన దేశంలో మోటార్ కారవాన్‌లకు, అంటే ఇలా లోపలే ఉండేలా చేసిన బండ్లకు, ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. అందువల్ల సీట్ల సంఖ్య తగ్గించడం, పైకప్పు కోయడం, బాడీ మార్చడం మొదలుపెట్టకముందే మీ ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి, ఏం చేయబోతున్నారో కాగితం మీద రాసిచ్చి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. "ఏం కాదు సార్, అందరూ చేయిస్తున్నారు" అని ఫ్యాబ్రికేటర్ అంటాడు. రేపు బండికి జరగరానిది జరిగి ఇన్సూరెన్సు వాళ్లు చెప్పని మార్పుల గురించి అడిగినప్పుడు అతను పక్కన ఉండడు. అది ఇంతకుముందు పసుపు బోర్డు మీద తిరిగిన బండైతే, సొంత వాహనంగా మార్పించుకునే పని దీనికంటే ముందు.

ఇక నేరుగా పంతొమ్మిదో నంబరుకు వస్తాను.

పద్దెనిమిది వస్తువులు మీరు కోరుకున్నవి, ఒక్కటి వదినగారు కోరుకున్నది. అదే చివర, బ్రాకెట్లో ఉంది. నేనైతే దాన్ని ఒకటో నంబరు చేస్తాను. రాత్రి రెండు గంటలకు పెట్రోలు బంకులో బండి ఆపుకుని పడుకున్నప్పుడు మగవాళ్లకు చీకటి చాలు, ఆడవాళ్లకు చాలదు. బంకు టాయిలెట్‌కు తాళం ఉంటుంది. తాళం చేతులున్న కుర్రాడు నిద్రపోతుంటాడు. తాళం తీసినా లోపల నేలమీది బేసిన్. మోకాళ్లు వంగని మనిషికి అది ఉన్నా లేనట్టే. ఆ భయంతో సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లను నేను చూశాను. ఈ వ్యాను లేని రోజుల్లో నేనూ అదే చేశాను.

అయితే బాత్రూమ్ అనగానే మనం రెండు పనులను ఒకే గదిలో కుక్కేస్తాం. టాయిలెట్ వేరు, స్నానం వేరు. మేము మొదట రెండూ కలిపి, మూడడుగులకు రెండున్నర అడుగుల ఫైబర్ గది కట్టించాం. షవరు, గీజరు, అద్దం, అన్నీ పెట్టించాం. రెండో వర్షాకాలానికి నేల దగ్గర అతుకు విడిచింది. నీళ్లు కిందికి దిగి ప్లైవుడ్ నానింది. ఒకరోజు కాలు పెడితే మెత్తగా, తడిసిన అట్టలా లోపలికి పోయింది. నేలంతా విప్పి చూస్తే కింద రేకు తుప్పు పట్టి ఉంది. ఆ రెండేళ్లలో అందులో మేం చేసిన స్నానాలు ఎన్నని లెక్కేసుకుంటే ఇరవై కూడా దాటలేదు. మిగతా రోజుల్లో అది ఉల్లిపాయల బస్తాకు, తడి తువ్వాళ్లకు గది.

ఎందుకంటే మన దేశంలో స్నానం దొరుకుతుంది. సత్రంలో, లాడ్జిలో గంటకు గది అడిగితే, హరిత హోటల్లో, ఊళ్లో తెలిసినవాళ్లింట్లో, చివరికి పొలంలో బోరు దగ్గరైనా. శుభ్రమైన, ఎత్తయిన కమోడ్ మాత్రం దొరకదు. కాబట్టి టాయిలెట్ ఉంచండి, స్నానాల గది తీసేయండి. స్నానానికి వెనక తలుపుకు కట్టే తెర, ఒక బకెట్, చెంబు చాలు. దాంతోపాటే ఎనిమిదో నంబరు గీజరు కూడా పోతుంది. స్టవ్ మీద గిన్నెడు నీళ్లు మరిగించి బకెట్లో కలిపితే సరి.

టాయిలెట్‌కు క్యాసెట్ రకం తీసుకోండి. కింద పెట్టెలా ట్యాంకు ఉంటుంది, బయటికి లాగి తీసుకెళ్లి మామూలు టాయిలెట్‌లో పోసి కడగొచ్చు. ఇరవై లీటర్ల లోపు ట్యాంకు ఇద్దరికి మూడు రోజులు వస్తుందని విదేశీ వీడియోల్లో చెబుతారు. వాళ్లు కాగితం వాడతారు, మనం నీళ్లు వాడతాం. మనకు ఒకటిన్నర రోజు, మహా అయితే రెండు రోజులు. హెల్త్ ఫాసెట్ వద్దు, చిన్న మగ్గు పెట్టుకోండి, సగానికి సగం తగ్గుతుంది. కొన్ని మోడళ్లు బాగా కిందికి ఉంటాయి. మీ ఇంట్లో వదినగారికి అలవాటైన కమోడ్ ఎత్తును టేపుతో కొలిచి, వ్యానులో కింద దిమ్మె వేసైనా అదే ఎత్తు రప్పించండి. ఈ ఒక్క సౌకర్యం ఎంత విలువైనదో బంధువుల పెళ్లిళ్లలో తెలిసింది మాకు. కచ్ వెళ్లింది ఒకసారి, హిమాచల్‌లోని స్పితి వెళ్లింది ఒకసారి, పెళ్లిళ్లకు వెళ్లింది పదిసార్ల పైనే. ఫంక్షన్ హాలు బయట బండి ఆపితే చాలు, పట్టుచీరల్లో పిన్నులూ అత్తయ్యలూ వరస కట్టేవారు.

ఇప్పుడు ఏసీ. ఏసీ, ఇండక్షన్, మైక్రోవేవ్, పెద్ద ఇన్వర్టర్, ఈ నాలుగూ ఒక జట్టు. ఒకటి లోపలికొస్తే మిగతావాటినీ లాక్కొస్తుంది. లెక్క చూడండి. వేసవి రాత్రి ఎనిమిది గంటలు ఒక టన్ను ఏసీ నడిస్తే, ఇన్వర్టర్ రకమైనా నాలుగైదు యూనిట్లు తాగుతుంది. 12 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) లిథియం బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఇచ్చేది రెండున్నర యూనిట్లు. అంటే రెండు బ్యాటరీలు ఒక్క రాత్రికి ఖాళీ. పొద్దున్నే వాటిని నింపేదెవరు? పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు వేస్తే, మంచి ఎండలో రోజుకు ఒకటిన్నర యూనిట్లు రావడం గొప్ప. వానాకాలంలో అందులో సగం కూడా అనుమానమే. ఎండలో బండి ఆపితే ప్యానెళ్లు నిండుతాయి గానీ లోపల మనుషులు ఉడుకుతారు, చెట్టు నీడలో ఆపితే అటుది ఇటు. ఇండక్షన్ స్టవ్ అంతసేపు నడవదు గానీ 1800 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లకు పైమాటే. దానికి బొటనవేలంత మందం వైర్లు, తగిన ఫ్యూజులు కావాలి. ఇంటి వైరింగ్ చేసే అబ్బాయితో ఆ పని చేయించకండి. సన్న వైరు వేస్తే ముందు వేడెక్కుతుంది, తర్వాత కరుగుతుంది.

మరి రాజమండ్రి మే నెల ఎండకేం చేయాలి అంటారు. ఆ నెలలో ఇంట్లోనే ఉండాలి, లేదా కొండల మీదికి వెళ్లాలి. ఎగతాళికి అనడం లేదు, మేం చేసేది అదే. మిగతా నెలలకు కావలసింది ఏసీ కాదు, వేడి లోపలికి రాకపోవడం. పైకప్పుకు తెల్ల రంగు, రేకు వెనక మొత్తం ఖాళీ లేకుండా ఫోమ్, రెండు వైపులా ఎదురెదురుగా తెరుచుకునే కిటికీలు, వాటికి దోమతెర, పైన గాలిని బయటికి తోసే రూఫ్ ఫ్యాను. మీ పదిహేనో నంబరును ముందుకు తెచ్చుకోండి. ఆ ఫ్యాను రాత్రంతా తిరిగినా అర యూనిట్ కూడా కాదు. దోమతెర మీ జాబితాలో లేదు, గోదావరి గట్టున ఉండి కూడా ఎలా మర్చిపోయారండీ? ఏసీ కావాల్సిందేనని మనసు పీకుతుంటే, దానికి చోటు, వైరు దారి ఇప్పుడు వదిలేయండి, బయటి నుంచి కరెంటు ఇచ్చే సాకెట్ ఒకటి పెట్టించండి. హోటలు ఆవరణలో ప్లగ్గు దొరికిన రోజు వాడుకోవచ్చు. మిషను మాత్రం ఒక వేసవి చూశాక కొనండి.

ఏసీ జట్టు పోతే కరెంటు లెక్క సులువు. బ్యాటరీ మీద నేరుగా నడిచే డీసీ కంప్రెసర్ ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపి రోజుకు యూనిటో, యూనిటుంపావో. దానికి ఒక 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ, 300-400 వాట్ల సోలార్ సరిపోతాయి. వీటికంటే ముఖ్యమైనది ఎవరూ చెప్పరు: బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి ఇంటి బ్యాటరీని నింపే డీసీ-టు-డీసీ చార్జర్. 30 ఆంపియర్లది పెట్టిస్తే నాలుగు గంటల ప్రయాణంలో ఆ రోజు ఖర్చంతా వచ్చేస్తుంది, వాన పడ్డా, మబ్బు పట్టినా. ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ చవక కదా అనొద్దు. 150 ఏహెచ్‌ది ఒక్కోటి అరవై కిలోల దాకా తూగుతుంది, సగానికి మించి వాడితే ఆయుష్షు పోతుంది. లిథియంతో ఒక్క జాగ్రత్త, సున్నా డిగ్రీల కంటే చలిగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు. లడఖ్ వెళ్లేటట్టైతే బ్యాటరీ మనుషులుండే లోపలి భాగంలోనే ఉండాలి, బండి కింద వేలాడకూడదు.

వంటకు గ్యాస్. ఐదు కిలోల చిన్న సిలిండరు, రెండు బర్నర్ల స్టవ్, ఐదు లీటర్ల కుక్కరు. లడఖ్ అన్నారు కాబట్టి కుక్కరు సంగతి చెప్పాలి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు గంట సేపు కుతకుతలాడుతుంది తప్ప ఉడకదు. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. పైన రూఫ్ ఫ్యాను ఉంది కదా అని ధీమా వద్దు. సిలిండరుకు వేరే అర కట్టించి, లోపలి వైపు గాలి చొరకుండా మూసి, ఆ అర అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం పెట్టించండి. మంచం కింద సిలిండరు పెట్టే ఫ్యాబ్రికేటర్ దగ్గర ఇంకే పనీ చేయించకండి.

స్టవ్ లోపల బిగించొద్దు. వెనక తలుపు దగ్గర బయటికి లాగే పట్టాల మీద పెట్టించండి, తలుపు పైకి లేచేదైతే అదే గొడుగు అవుతుంది. వీడియోల్లో దొరలు లోపలే పాస్తా ఉడికించుకుంటారు, వాళ్లకు చెల్లుతుంది. మనం ఒక్కసారి ఇంగువ పోపు పెడితే, మిరపకాయ ఘాటు పోవడానికి పూట, దుప్పట్లకు పట్టిన వాసన పోవడానికి వారం. లోపల ఒక చిన్న బల్ల, సింకు, టీ కాచుకునే వీలు ఉంటే వానరోజుకు చాలు.

నీళ్లు. 200 లీటర్లంటే 200 కిలోలు. స్నానాలు బయట చేసుకుంటే ఇద్దరికి వంటకు, గిన్నెలకు, మిగతా వాటికి రోజుకు 25 లీటర్లు ధారాళం. 80 లీటర్ల ట్యాంకు కింద, ముందు వెనక చక్రాలకు మధ్యలో పెట్టించండి. తాగేనీళ్లకు మనందరికీ తెలిసిన ఇరవై లీటర్ల టిన్ను వేరే. ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు.

బరువు మాట వచ్చింది కాబట్టి: ఈ వారమే ఖాళీ బండిని తీసుకెళ్లి కాటా వేయించండి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి. ఆ చీటీలు ఆర్సీలో ఉన్న లేడెన్ వెయిట్ (సామానూ మనుషులతో కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) పక్కన పెట్టుకుంటే మీకెంత మిగులుందో తెలుస్తుంది. 18 ఎంఎం ప్లైవుడ్ షీటు ఒక్కోటి ముప్పై కిలోలకు పైనే, అలమారలు, నేల, మంచం అంటూ పది షీట్లు ఇట్టే అయిపోతాయి. సీట్లు తీసేస్తున్నాం కదా, పదిమంది ఎక్కే బండే కదా అంటారు ఫ్యాబ్రికేటర్లు. మనుషులు దిగిపోతారు, ప్లైవుడ్ దిగదు. 12 ఎంఎం వాడమనండి, చట్రానికి అల్యూమినియం సెక్షన్లు పెట్టమనండి. పైకప్పు మీద టెంటు ఎందుకండీ, మోకాళ్ల నొప్పులున్న మనిషి నిచ్చెన ఎక్కుతారా?

మంచం విషయంలో నేను కాస్త మొండిదాన్ని. సోఫా కమ్ బెడ్ వద్దు. రోజూ రాత్రి పరుపు ముక్కలు పేర్చడం, పొద్దున విప్పడం, మొదటి వారం సరదా, మూడో వారానికి ఎవరు సర్దాలని తగువు. తర్వాత ఎప్పుడూ విప్పకుండా మంచంగానే వదిలేస్తారు. మా స్నేహితుల రెండు బండ్లలోనూ అదే జరిగింది. వెనక భాగంలో స్థిరంగా ఒక మంచం, కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తులో. కింద సామాను చోటు పెంచుకోవాలని మంచాన్ని రొమ్మెత్తు లేపుతారు కొందరు. మీ ఇంటికి అది పనికిరాదు.

మనవల బెర్తుల గురించి కటువుగా చెబుతున్నాననుకోకండి. పడుకునే బెర్తులకంటే ముందు, బండి నడిచేటప్పుడు పిల్లలు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి. ముందుకు చూసే, బెల్టున్న కంపెనీ సీట్లు రెండు అలాగే ఉంచేయండి. పక్కవాటు సోఫా మీద పిల్లల్ని కూర్చోబెట్టి హైవే మీద వెళ్లడం మాత్రం వద్దు. రాత్రికి నడవలో పరుపు వేస్తే వాళ్లకు అదే పండగ.

టీవీ, మైక్రోవేవ్, వాషింగ్ మెషీన్ కొట్టేయండి. వాటి గురించి రాసేదేం లేదు. వెనక కెమెరా ఉంచండి. పందిరి తర్వాత, అప్పటిదాకా టార్పాలిన్, రెండు గడకర్రలు. పుస్తకాల అరకు ముందు పట్టీ ఉంటే చాలు, దేవుడి అర ఎంతో చోటు తినదు, ఉండనివ్వండి. అగరొత్తి మాత్రం బండి దిగి వెలిగించండి.

ఆరు లక్షల్లో ఇప్పుడు మూడున్నర దాటనివ్వకండి. ఏ ప్లైవుడ్డూ కోయకముందు ఇంకో పని: సీట్లు ఇప్పుడే విప్పొద్దు, నడవలో అడ్డంగా బల్లలు పరిచి ఇంట్లో పరుపు వేసుకుని, ఒక బకెట్టు, నీళ్ల టిన్ను, చిన్న స్టవ్, బ్యాటరీ ఫ్యాను పెట్టుకుని, మారేడుమిల్లి వైపు ఒక రాత్రి, కాకినాడ తీరాన ఉక్కపోతలో ఒక రాత్రి పడుకుని రండి. ఒక చిన్న పుస్తకంలో ఇద్దరూ విడివిడిగా రాయండి: చీకట్లో దేనికోసం తడుముకున్నారు, ఏది లేక ఇబ్బందిపడ్డారు, ఏది తెచ్చి వాడనేలేదు. ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, మీ పంతొమ్మిదిలో ఎన్ని మిగిలాయో నాకూ రాయండి.

టాయిలెట్‌కు చోటు అనుకున్నాక వదినగారిని ఒకసారి బండిలోకి రమ్మనండి. అక్కడ సరైన ఎత్తు స్టూలు వేసి కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా లేవమనండి. లేచేటప్పుడు ఆవిడ చెయ్యి గోడమీద ఎక్కడ ఆనిందో చూసి, అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. స్టీలు పిడి అక్కడ రావాలి. ప్లైవుడ్ బిగించకముందే దాని వెనక ఇనుప పట్టీ వేయించడం మర్చిపోకండి.